ల్యాప్‌టాప్‌లోంచి కీచుమోత: అది మీ భ్రమ కాదు

ప్రశ్న: రోజూ రాత్రి అందరూ పడుకున్నాక నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అనువాదం పని చేసుకుంటాను. ఓ మూడు నెలల నుంచి దాంట్లోంచి సన్నగా కీచుమని మోత వస్తోంది, దోమ చెవి దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. పేజీ కిందికి జరుపుతుంటే మోత మారుతుంది, ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. చార్జర్ పెట్టి ఉంటే ఎక్కువ, తీసేస్తే బాగా తగ్గుతుంది. రిపేరుకిస్తే ఫ్యాన్ మార్చి ఇచ్చారు, ఏమీ తేడా లేదు. మా వారిని వినమంటే "నాకేం వినిపించట్లేదే" అంటారు, మామగారైతే అదంతా నా భ్రమేనని తేల్చేశారు. పదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం ఒకసారి పక్కన కూర్చుని "అమ్మా, ఏంటా శబ్దం?" అంది. ల్యాప్‌టాప్ పాడైపోతోందా? కొత్తది కొనెయ్యాలా? రోజూ ఇది వింటూ పని చెయ్యలేక తల దిమ్మెక్కిపోతోంది.

జవాబు: మీది భ్రమ కాదండీ. ఈ మాట ముందు చెప్పాలి, ఎందుకంటే మూడు నెలలుగా మిమ్మల్ని మోత ఎంత బాధపెట్టిందో ఇంట్లో నమ్మకపోవడమూ అంతే బాధపెట్టి ఉంటుంది. మీ అమ్మాయికి కూడా వినిపించింది కదా, అదే పెద్ద సాక్ష్యం.

మనిషి చెవి చిన్నతనంలో సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది, అంటే సెకనుకి 20 సార్లు కంపించేదాని నుంచి 20 వేల సార్లు కంపించేదాని వరకు. వయసు పెరిగేకొద్దీ ముందు తగ్గేది ఆ పై కొసే. నడివయసు వచ్చేసరికి చాలామందికి 15,000 హెర్ట్జ్ దాటిన శబ్దాలు దాదాపు వినపడవు, పెద్దవయసులో ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది. మాటలు, పాటలు, ఫోన్ రింగు అన్నీ ఎప్పటిలాగే వినపడుతుంటాయి కాబట్టి పైన ఏదో పోయిందన్న సంగతి ఆ మనిషికే తెలియదు. మీ మామగారు మిమ్మల్ని తీసిపారేయాలని అలా అనలేదు, ఆయన చెవికి అక్కడ నిజంగానే నిశ్శబ్దం. మీకూ మీ అమ్మాయికీ ఆ పై కొస ఇంకా ఉంది, అంతే తేడా.

ఇంట్లో నమ్మించాలంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. చార్జర్ పెట్టి, పెద్ద పేజీ ఏదైనా తెరిచి, మీరు ల్యాప్‌టాప్‌కి వీపు పెట్టి కళ్లు మూసుకుని కూర్చోండి. మీ వారిని టచ్‌ప్యాడ్ మీద వేళ్లు పెట్టి ఇష్టం వచ్చినప్పుడు పేజీ జరపమనండి, ఇష్టం వచ్చినప్పుడు ఆపమనండి. టచ్‌ప్యాడ్ మీద వేలు జారితే చప్పుడు ఉండదు, కాబట్టి ఆ కీచుమోత తప్ప మీకు వేరే ఆధారం ఉండదు. "ఇప్పుడు జరుపుతున్నారు, ఇప్పుడు ఆపారు" అని పదికి తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పారనుకోండి, ఇక వాదన ఉండదు. ఫోన్‌లో స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో గీతల్లో) చూపించే ఆప్ ఒకటి పెట్టుకుని కీబోర్డు దగ్గర ఉంచితే కూడా తెలిసిపోతుంది, మోత వచ్చినప్పుడల్లా కుడివైపున ఎక్కడో ఒక సన్నటి గీత నిటారుగా లేస్తుంది. చెవికి అందనిది కంటికి కనిపిస్తే నమ్మక తప్పదు.

అదే ఊపులో ఇంకొకటి కూడా చూసుకోండి. ల్యాప్‌టాప్‌ని పూర్తిగా షట్ డౌన్ చేసి, చార్జర్ గోడ నుంచి పీకేసి, వేరే గదిలోకి వెళ్లి రెండు నిమిషాలు కూర్చోండి. అప్పుడూ అదే మోత చెవిలో ఉంటే అది యంత్రం సంగతి కాదు, చెవి డాక్టర్‌కి చూపించుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి అలా ఉండదనే అనుకుంటున్నాను, స్క్రోల్ చేస్తే మారేది చెవిలో పుట్టిన శబ్దం కాదు. అయినా ఒకసారి చూసుకుంటే మనసుకి నిమ్మళం.

ఇక ఆ మోత ఏమిటంటే, మీరు చెప్పిన లక్షణాలన్నీ కాయిల్ వైన్ (తీగచుట్టు కూత) అనేదానికి అతికినట్టు సరిపోతున్నాయి. మీ చార్జర్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి సుమారు 19, 20 వోల్టులు వస్తాయి, ప్రాసెసర్‌కి కావాల్సింది మాత్రం ఒక వోల్టు అటూ ఇటూ. ఆ దించే పని మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ ఉండే చిన్న చిన్న స్విచ్చులు, తీగచుట్లు, వాటి పక్కనుండే కెపాసిటర్లు (విద్యుత్తుని కాసేపు నిలవుంచే భాగాలు) కలిసి చేస్తాయి. ఆ స్విచ్చులు కరెంటుని సెకనుకి లక్షలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటాయి, అంత వేగం మన చెవికి అందదు కాబట్టి మామూలుగా నిశ్శబ్దమే. కానీ ప్రాసెసర్‌కి పెద్దగా పని లేనప్పుడు విద్యుత్ ఆదా కోసం ఆ సర్క్యూట్ వేగం తగ్గించి ఆగి ఆగి పనిచేస్తుంది, ఆ లయ ఒక్కోసారి దిగి దిగి సరిగ్గా మనకి వినిపించే చోటికి వచ్చేస్తుంది. అప్పుడు తీగచుట్టు కొద్దిగా వణుకుతుంది. ఆ సిరామిక్ కెపాసిటర్లకి ఇంకో గుణం ఉంది, వోల్టేజీ మారినప్పుడల్లా అవి కంటికి కనిపించనంతగా సాగి ముడుచుకుంటాయి, వాటిని అంటించిన బోర్డు డప్పు చర్మంలా ఆ వణుకుని పెద్దది చేసి బయటికి పంపుతుంది. పేజీ జరిపినప్పుడు తెర మీద ప్రతి బొమ్మా కొత్తగా గీయడానికి ప్రాసెసర్ లేచి పనిచేసి మళ్లీ కునుకు తీస్తుంది, సెకనుకి చాలాసార్లు. అందుకే స్క్రోల్‌తో పాటు మోతా మారుతోంది.

ఫ్యాన్ మార్చినా ఎందుకు తగ్గలేదో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. ల్యాప్‌టాప్ మోత అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఫ్యానే, పైగా రిపేరు చేసే చోట పది మిషన్లు నడుస్తుంటాయి, ఆ గోలలో ఇలాంటి సన్నటి మోత ఎవరికి వినిపిస్తుంది? ఈ రెండింటినీ వేరుచేసే గుర్తు నన్నడిగితే ఒక్కటే. ఫ్యాన్ రెక్కలకి బరువుంది, వేగం అందుకోవడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, తగ్గడానికీ అంతే, కాబట్టి దాని శబ్దం నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది. కాయిల్ మోత అలా కాదు, వేలు కదిపిన క్షణంలో మారుతుంది, ఆపిన క్షణంలో మొదటికొస్తుంది. మీరు రాసింది రెండో రకం.

పాడైపోతోందా అని భయపడుతున్నారు కదా. లేదండీ. కాయిల్ వైన్ వల్ల మిషన్ చెడిపోదు, ఈ మోతతోనే ఏళ్ల తరబడి నడిచే ల్యాప్‌టాపులు ఉన్నాయి. ప్రమాదం లేదు కాబట్టి ఓర్చుకోమని మాత్రం నేను అనను, రోజూ గంటల తరబడి చెవి పక్కన దోమ తిరుగుతుంటే పని ఎలా సాగుతుంది?

ఈ రాత్రి పని మొదలుపెట్టే ముందు ఓ పావుగంట దీనికి కేటాయించండి. మొదట మోత ఎక్కడిదో పట్టుకోవాలి. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొసని ముందు చార్జర్ అడాప్టర్ దగ్గర పెట్టి వినండి, కొన్నిసార్లు కూసేది ల్యాప్‌టాప్ కాదు, కింద పడి ఉన్న ఆ నల్లటి డబ్బానే. అక్కడ లేకపోతే కీబోర్డు మీద మెల్లగా తిప్పండి. నా ల్యాప్‌టాప్‌కి ఇలాగే వెతికాను, ఎస్కేప్ కీకి కాస్త పైన, రెండు వేళ్ల వెడల్పు చోట గొట్టం పెట్టగానే గుయ్‌మని చెవిలో పడింది, అంగుళం అటు జరిపితే సగం పోయింది. అంతకుముందు అది గదంతా నిండినట్టు అనిపించేది, వచ్చేది మాత్రం గోరంత జాగాలోంచి.

తర్వాత స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచి చూడండి. రాత్రి పని కాబట్టి మీరు వెలుతురు బాగా తగ్గించుకుని కూర్చుంటారనుకుంటున్నాను. చాలా తెరలు వెలుతురు తగ్గించడానికి లైటుని అతివేగంగా ఆపి వెలిగిస్తుంటాయి, కొన్నింట్లో ఆ పనే కూత పుట్టిస్తుంది. పూర్తి వెలుతురులో మోత పోతే కారణం అదే, అప్పుడు స్క్రీన్ వెలుతురు ఎక్కువగానే ఉంచి, కంటికి హాయిగా ఉండటానికి గదిలో ఇంకో దీపం వేసుకోవడం నయం. సౌండ్ కూడా పూర్తిగా మ్యూట్ చేసి చూడండి. స్పీకర్లోంచి సన్నటి బుస వస్తుంటే, అందులోనూ చార్జర్ పెట్టినప్పుడు ఇయర్‌ఫోన్లలో గుర్రుమంటుంటే, అది ఎర్తింగ్‌కి సంబంధించిన గోల, కాయిల్‌ది కాదు. యూఎస్‌బీకి ఏం తగిలించి ఉన్నా ఒక్కొక్కటే తీసి వినండి. మూడు నెలల కింద ఏం మారిందో కూడా గుర్తు చేసుకోండి. చార్జర్ మార్చారా, ఏదైనా పెద్ద అప్‌డేట్ వచ్చిందా, పవర్ సెట్టింగుల్లో ఎవరైనా చెయ్యి పెట్టారా? గదిలో సీలింగ్ ఫ్యాన్ వేసుకోవడం మానేసినా సరే, ఎప్పటినుంచో ఉన్న మోత అప్పుడే బయటపడుతుంది.

తగ్గించడానికి మొదటి మందు పవర్ మోడ్. విండోస్ 11 అయితే సెట్టింగుల్లో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీ, అందులో పవర్ మోడ్ ఉంటుంది, దాన్ని బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి మార్చండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు మోత తగ్గడానికి ముఖ్య కారణం ప్రాసెసర్ అప్పుడు నెమ్మదిగా నడవడమే, ఆ నెమ్మదినే చార్జర్ ఉన్నప్పుడు కూడా తెచ్చుకుంటున్నామన్నమాట. అది చాలకపోతే పాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 శాతం ఉన్నచోట 99 శాతం పెట్టండి. ఒక్క శాతంతో ఏమవుతుందని అనిపిస్తుంది కానీ, చాలా ప్రాసెసర్లలో ఆ ఒక్క శాతం తగ్గించగానే టర్బో వేగం (అవసరమైనప్పుడు ప్రాసెసర్ అందుకునే అదనపు వేగం) మొత్తం ఆగిపోతుంది, కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడటం తగ్గుతుంది. మీది అనువాదం పని, టైపింగూ నిఘంటువులూ కాబట్టి వేగం తగ్గినట్టు మీకు తెలియనే తెలియదు. కొన్ని కొత్త ల్యాప్‌టాపుల్లో ఈ ఆప్షన్ కనిపించదు, కంగారుపడకండి, పవర్ మోడ్‌తోనే సరిపెట్టుకోండి. మీ స్క్రీన్ 120 లేదా 144 హెర్ట్జ్‌ది అయితే డిస్‌ప్లే సెట్టింగుల్లో 60కి దించండి, సెకనుకి గీయాల్సిన బొమ్మలు సగానికి తగ్గితే స్క్రోల్ చేసేటప్పటి కూత కూడా మారుతుంది. గేములు ఆడేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, ఏమీ కదలని మెనూ తెర మీద కూడా గ్రాఫిక్స్ కార్డు సెకనుకి వందల బొమ్మలు గీస్తూ కూస్తుంటుంది, ఆ బొమ్మల లెక్కకి (ఫ్రేములకి) హద్దు పెట్టగానే నోరు మూస్తుంది.

బయాస్‌లోకి (ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే లోపలి సెట్టింగుల్లోకి) వెళ్లి సీ-స్టేట్స్ (ప్రాసెసర్ కునుకు తీసే దశలు) ఆపేస్తే మోత పోతుందని చాలామంది చెబుతారు. చాలాసార్లు నిజమే, ప్రాసెసర్ కునుకు తీయడం మానేస్తే ఆ లేచి పడుకోవడం ఉండదు. కానీ వేడి పెరుగుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది, వేడి పెరిగితే ఫ్యాన్ అస్తమానూ తిరుగుతుంది, ఒక మోత పోయి ఇంకోటి వస్తుంది. అన్నీ చూశాక చివర్లో కావాలంటే ప్రయత్నించండి. మిషన్ విప్పి ఆ తీగచుట్టు మీద జిగురు పోయడం, గోళ్ల రంగు పూయడం మాత్రం వద్దు. వీడియోల్లో చూడటానికి తేలిగ్గానే ఉంటుంది, జిగురు వేడిని లోపలే పట్టి ఉంచినా, పక్క భాగం మీద పడినా మదర్‌బోర్డు మొత్తానికే ఎసరు.

అడాప్టరే కూస్తుంటే అదే వోల్టేజీ, అంతకు తగ్గని వాట్లు ఉన్న మంచి అడాప్టర్ ఎవరి దగ్గరైనా అడిగి ఒక పూట పెట్టి చూడండి. అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని రాసి ఉంటుంది, పాతదాని మీదా కొత్తదాని మీదా వోల్టులు ఒకటే ఉండాలి.

ఇవన్నీ చేశాక కూడా కాస్త మిగిలితే, దూరం వాడుకోండి. నాకు అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇదే, ఎందుకో జనం దీన్ని పెద్దగా పట్టించుకోరు. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పైగా ఇలాంటి సన్నటి శబ్దాలు లావుపాటి శబ్దాల్లాగా మూల తిరిగి రాలేవు, ఎదురుగా అడ్డముంటే చాలావరకు అక్కడే ఆగిపోతాయి. విడి కీబోర్డు, మౌస్ పెట్టుకుని ల్యాప్‌టాప్‌ని ఒక మూర వెనక్కి జరపండి, కీబోర్డు భాగానికీ మీ ముఖానికీ మధ్య ఒక లావుపాటి నిఘంటువు నిలబెట్టండి, మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. వేరే మానిటర్ ఉంటే ఇంకా మంచిది, ల్యాప్‌టాప్ మొత్తాన్ని బల్ల కిందికో పక్క అరలోకో పంపేయొచ్చు, గాలి ఆడే జాగా మాత్రం వదలండి. కింద పలచటి రబ్బరు మ్యాట్ వేస్తే చెక్కబల్ల ఆ వణుకుని అందుకుని పాడటం కూడా తగ్గుతుంది. దుప్పటి, దిండు మాత్రం వద్దు, అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. సీలింగ్ ఫ్యాన్ తక్కువలో వేసుకున్నా ఆ హోరులో ఇది చాలావరకు కలిసిపోతుంది.

మీ ఉత్తరం చదివే వేరేవాళ్ల కోసం ఇక్కడ ఒక మాట ఆపి చెప్పాలి, ఎందుకంటే అన్ని మోతలూ ఇలా నిరపాయమైనవి కావు. పాత రకం హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ టక్... టక్... టక్ అని ఒకే లయలో కొడుతుంటే, అప్పుడే ఫైళ్లు తెరుచుకోవడం ఆలస్యమవుతుంటే, చేస్తున్న పని అక్కడే వదిలేసి ముఖ్యమైనవన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి. నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరిగే పళ్లెం మీద చదివే ముల్లు తడబడుతోందని ఆ చప్పుడికి అర్థం. నేను అలాంటి చప్పుడు విని ఆదివారం చూద్దాంలే అనుకున్నాను, గురువారానికే డిస్క్ తెరుచుకోలేదు, నాలుగేళ్ల ఫోటోలు పోయాయి. ఇంకోటి, చేతులు ఆనించే చోట కిర్రుమంటున్నా, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు ఉన్నా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ అటూ ఇటూ ఊగుతున్నా లోపల బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. అలా ఉంటే వెంటనే ఆపేసి, చార్జింగ్ పెట్టకుండా, నొక్కకుండా, గుచ్చకుండా తెలిసినవాళ్ల చేత మార్పించండి, అది నిప్పు అంటుకునే సరుకు. ఫ్యాన్ గరగరలాడితే అంత తొందరేం లేదు కానీ దుమ్ము దులిపించాలి, గాలి కొట్టేటప్పుడు రెక్కలు తిరగకుండా పుల్లతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే బేరింగే పోతుంది.

మీ సంగతికి వస్తే, ఈ ఒక్క మోత కోసం కొత్తది కొనొద్దు. ఒకే కంపెనీ ఒకే మోడల్ రెండు ల్యాప్‌టాపుల్లో ఒకటి కూసి ఒకటి కూయకపోవచ్చు, ఖరీదు ఎక్కువైతే కూయదన్న భరోసా కూడా లేదు. రేపెప్పుడైనా వేరే అవసరానికి కొంటే మాత్రం వాపసు ఇచ్చే గడువు లోపలే ఒక రాత్రి తలుపులేసి, ఫ్యాన్ ఆపి, చార్జర్ పెట్టి, పేజీ జరుపుతూ వినండి. అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, ఆమె చెవి మీకన్నా పదును.

ఇప్పుడున్నదానికి వారంటీ మిగిలి ఉంటే అడగడంలో తప్పులేదు. ఇందులో లోపమేమీ లేదని పంపించేసేవాళ్లే ఎక్కువ, కొన్నిసార్లు మదర్‌బోర్డు మారుస్తారు, కొత్త బోర్డు కూయదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా ఇచ్చేటప్పుడు "మోత వస్తోంది" అని మాత్రం చెప్పకండి, మళ్లీ ఫ్యాన్ దగ్గరికే వెళతారు. ఫోన్‌ని ఎక్కువ మోత వచ్చే ఆ చోట ఆనించి, పేజీ జరుపుతూ ఆపుతూ, చార్జర్ తీస్తూ పెడుతూ ఒక నిమిషం వీడియో తీయండి. ఒక చీటీ మీద "కాయిల్ వైన్, చార్జర్ ఉన్నప్పుడు ఎక్కువ, స్క్రోల్ చేస్తే మారుతుంది, ఫ్యాన్ ఇప్పటికే మార్చారు" అని రాసి ల్యాప్‌టాప్ మూత మీద అంటించి ఇవ్వండి. ఇచ్చే ముందు మీ అనువాదాలన్నీ వేరేచోట కాపీ చేసుకోండి, బోర్డు మార్చేటప్పుడు ఒక్కోసారి డిస్క్ కూడా ఖాళీ చేసి ఇస్తారు.